ఒకోంక్వో ఊరికి వెళ్ళేవాళ్ళకి: ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ నవల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పుస్తకం చదవమని చాలామందికి ఇచ్చాను. కొందరు రెండు రోజుల్లో ముగించి రాత్రి పదకొండింటికి ఫోన్ చేశారు. కొందరు పేర్లు నోరు తిరగట్లేదని ముప్పయ్యో పేజీ దగ్గరే ఆపేశారు. రెండు రకాలవాళ్ళూ అడిగే ప్రశ్నలు మాత్రం దాదాపు ఒకటే. ప్రతిసారీ మొదటినుంచీ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసిపెడుతున్నాను. కథ చివరికి ఏమవుతుందో కింద చాలాచోట్ల చెప్పేశాను. తెలియకుండా చదవాలనుకుంటే ముందు నవల పూర్తిచేసి రండి. ఎంతో లేదు, రెండు వందల పేజీల చిన్న పుస్తకం.

ఎవరు రాశారు? కథేమిటి?

చినువా అచెబె రాశాడు. నైజీరియాలో ఒనిచా పట్నం దగ్గర ఒగిడి ఆయన ఊరు. 1930లో పుట్టాడు, 2013లో పోయాడు. నవలని 1958లో లండన్‌లో హైన్‌మన్ సంస్థ అచ్చువేసింది. మొదటి ముద్రణ 2,000 కాపీలు. ఆ తర్వాత 50కి పైగా భాషల్లోకి వెళ్ళింది.

ఉమువోఫియా అని తొమ్మిది పల్లెల ఊరు. కాలం 19వ శతాబ్దం చివరి రోజులు. అక్కడ ఒకోంక్వో అనే రైతు ఉంటాడు. పద్దెనిమిదేళ్ళ వయసులో, ఏడేళ్ళుగా ఓటమి ఎరగని మల్లుణ్ణి వెల్లకిలా పడేసి పేరు తెచ్చుకున్నాడు. వాళ్ళ నాన్న ఉనోకా వేణువు వాయించుకుంటూ ఊరంతా అప్పులు చేసి పోయాడు. నాన్నలా బతకకూడదు, ఒకోంక్వోకి ఇదొక్కటే పట్టుదల, ఇదొక్కటే భయం. పొరపాటున ఒక హత్య జరిగి ఏడేళ్ళు ఊరు విడిచి అమ్మ పుట్టింట్లో తలదాచుకుంటాడు. తిరిగొచ్చేసరికి ఊళ్ళో చర్చి, కోర్టు, జైలు వెలిసి ఉంటాయి.

నవలలో పాతిక అధ్యాయాలు. తెల్లవాళ్ళు ఏదో ఊరి మీద పడ్డారన్న కబురు వచ్చేదే పదిహేనో అధ్యాయంలో. అంతవరకూ పంటలు, పెళ్ళిళ్ళు, కుస్తీలు, జ్వరాలు, మొగుడూపెళ్ళాల గొడవలు. "కథ ఎప్పుడు మొదలవుతుంది?" అని నన్నడిగినవాళ్ళున్నారు. వాళ్ళు అప్పటికి సగం కథ చదివేశారు.

ఇగ్బోలు ఎవరు?

నైజీరియా ఆగ్నేయంలో ఉండే పెద్ద జాతి, కోట్లలో ఉంటారు. నవలలో పాత పద్ధతిలో ‘ఇబో’ అని కనిపిస్తుంది, రెండూ ఒకటే. తెలుసుకోవాల్సిన ముఖ్యమైన సంగతి ఏంటంటే, అచెబె చూపించే ఊళ్ళో రాజు లేడు. ‘ఇగ్బోలకి రాజు లేడు’ అని వాళ్ళకో నానుడే ఉంది. పెద్దలు, బిరుదులు తీసుకున్నవాళ్ళు, ముసుగు దేవతలు, సోదె చెప్పే కొండగుహ, ఊరందరి సభ, వీళ్ళంతా కలిస్తే ప్రభుత్వం. తెల్ల అధికారి వచ్చి "మీ రాజెవరు?" అని అడిగితే జవాబు ఉండదు. వలసపాలనకి ఇగ్బో నేల మీద వచ్చిన చిక్కుల్లో చాలావాటికి ఇదే మూలం.

పేర్లు గుర్తుండట్లేదు. ఏం చెయ్యాలి?

నేను మొదటిసారి చదివినప్పుడు పేర్ల లిస్టు రాసుకున్నాను. పదో పేజీకల్లా ఆ కాయితం ఎక్కడో పారేశాను. లిస్టు కంటే పేర్ల లోపల ఏముందో తెలిస్తే బాగా గుర్తుంటాయి.

ఇగ్బో వారం నాలుగు రోజులే: ఎకె, ఒయె, అఫొ, న్క్వొ. నాలుగూ సంత రోజులే. న్క్వొ నాడు పుట్టిన మగపిల్లాడు ఒకోంక్వో. ఒయె నాడు పుట్టినవాడు ఒకోయె. నవల మొదట్లో అప్పు వసూలుకి వచ్చే పెద్దమనిషి పేరు అదే. ఉమువోఫియా అంటే అడవి బిడ్డలు. ‘న్నెకా’ అంటే అమ్మే గొప్ప. ఈ పేరు రెండో భాగంలో ఒక పెద్ద సన్నివేశానికి ఇరుసు, గుర్తుపెట్టుకోండి.

ఇగ్బో మాటలకి అర్థం చెప్పకుండా వదిలేశాడేంటి?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. నా దృష్టిలో ఈ నవల కిటుకంతా ఇక్కడే ఉంది.

కొత్త ఊరికి చుట్టంగా వెళ్ళామనుకోండి. మనకెవరూ పాఠం చెప్పరు. ‘ఒబి’ అనే మాట రెండు మూడుసార్లు వినేసరికి అది ఇంటాయన గుడిసె అని, వచ్చినవాళ్ళు కూర్చునేది అక్కడేనని, పెళ్ళాల గుడిసెలు దాని వెనక ఉంటాయని మనకే తెలిసిపోతుంది. ‘ఇలో’ అంటే ఊరి మైదానమని కుస్తీ పోటీల దగ్గర అర్థమవుతుంది. కొన్ని మాటలకి అదే వాక్యంలో చిన్న ఆధారం దొరుకుతుంది. కొన్నింటికి దొరకదు. ఒకోంక్వో ఇంట్లో కొడుకులా పెరిగిన ఇకెమెఫునా పాడుకునే పాటని అసలు అనువదించనే లేదు. చంపడానికి తీసుకెళ్తున్నారని తెలియని పిల్లాడు దారిలో ఆ పాటని మనసులో పాడుకుంటూ, దాని తాళానికి అడుగులేస్తూ నడుస్తాడు. ఆ పూట మనకి పాట అర్థం తెలియదు, నడక తెలుస్తుంది.

ఇంకో చిన్న చోటు చూడండి. ఒకోంక్వో రెండో భార్య ఎక్వెఫి వంట హడావుడిలో ఉంటుంది. పక్క గుడిసెలోంచి పెద్దభార్య ఆమెని పేరు పెట్టి పిలుస్తుంది. ఎక్వెఫి "ఆఁ" అనదు. "నన్నేనా?" అంటుంది. బయటినుంచి పిలుపొస్తే అందరూ అలాగే పలుకుతారని, పిలిచింది ఏ దుష్టశక్తో ఏమోనన్న భయంతో ఎవరూ నేరుగా పలకరని రచయిత ఒక్క ముక్కలో చెప్పి ముందుకెళ్ళిపోతాడు. పెద్దామెకి కావలసింది నిప్పు. ఎక్వెఫి కూతురు ఓ పగిలిన కుండపెంకులో కణకణలాడే బొగ్గులు పట్టుకెళ్తుంది. అంతే. ‘ఓ స్త్రీ రేపు రా’ అని తలుపుల మీద రాసుకున్న రోజులు గుర్తున్నవాళ్ళకి ఇక్కడ వివరణ అక్కర్లేదు. రాత్రిపూట ఈల వెయ్యొద్దని పిల్లల్ని తిడతారు. చీకటి పడ్డాక పాముని పాము అనరు, వింటుందని, ‘తాడు’ అంటారు. మన పల్లెల్లో ‘పురుగు ముట్టింది’ అన్నట్టే.

చివర్లో పదకోశం ఉన్న ఎడిషన్లు దొరుకుతాయి. మొదటి చదువులో దాని జోలికి వెళ్ళకండి.

ఇన్ని సామెతలెందుకు? మధ్యలో కథ ఆగిపోతోంది కదా?

ఆగదు. సామెత వాళ్ళకి అలంకారం కాదు, మర్యాద. మాటలనే ముద్దని మింగించే పామాయిల్ సామెతే అనే అర్థంలో నవలలో ఒక వాక్యం ఉంది, బాగా ప్రసిద్ధం. ఒకప్పుడు రేషన్ షాపులో ఇచ్చిన పామాయిల్ గుర్తుకొస్తే ఆ వాక్యం చప్పగా ఉంటుంది. ఇగ్బో ఇంటి పామాయిల్ ఎర్రగా, చిక్కగా ఉండే నూనె. మన నెయ్యి స్థానం దానిది. అశ్వారావుపేట చుట్టూ ఇప్పుడు మనం చూసే ఆయిల్ పామ్ చెట్టు పుట్టిల్లు కూడా ఆ పశ్చిమాఫ్రికా తీరమే. ‘సామెత లేని మాట ఆమెత లేని ఇల్లు’ అని మనవాళ్ళు అన్నదీ అదే తిండి లెక్క. ఆమెత అంటే విందు.

సామెత ఎలా పనిచేస్తుందో చూడాలంటే మొదటి అధ్యాయంలో ఒకోయె రాక చదవాలి. ఉనోకా అతనికి రెండు వందల గవ్వలు బాకీ. ఒకోయె వస్తాడు, మేకతోలు పరుచుకుని కూర్చుంటాడు. ఉనోకా చెక్క పళ్ళెంలో, ఇంటికొచ్చినవాళ్ళతో పంచుకునే కోలా కాయ, మిరియాలు, సుద్దముక్క తెస్తాడు. ఎవరు చీల్చాలన్న దాని మీద ‘నువ్వంటే నువ్వు’ అని కాసేపు మొహమాటాలు. కోలా తెచ్చినవాడు ప్రాణం తెచ్చినట్టేనన్న మాట. పితృదేవతలకి ప్రార్థన. తర్వాత వానలు, పండగలు, పక్క ఊరితో రాబోయే యుద్ధం. ఇంత అయ్యాక ఒకోయె గొంతు సవరించుకుని వరసగా సామెతల్లో మాట్లాడతాడు. బాకీ అనే మాట నేరుగా ఎత్తితే మోటు. ఉనోకా విషయం అర్థమై పడీపడీ నవ్వుతాడు, కళ్ళనీళ్ళొచ్చేదాకా. గోడ మీద సుద్దగీతలు చూపిస్తాడు. ఒక్కో గీత వంద గవ్వలు, ఒక్కో గుంపు ఒక్కో అప్పులవాడిది. ఎండ ముందు నిలబడ్డవాళ్ళ మీద పడి, తర్వాతే కింద మోకరిల్లినవాళ్ళ మీద పడుతుందని పెద్దలు అన్నారు కాబట్టి పెద్ద బాకీలే ముందు తీరుస్తానంటాడు. సామెతతో అడిగినవాడికి సామెతతోనే చెయ్యి చూపించాడు. ఒకోయె మేకతోలు చుట్టుకుని లేచిపోతాడు.

ఈ రెండు మూడు పేజీల్లో అతిథి మర్యాద, మతం, సంగీతం, అప్పు, హాస్యం, ఒకోంక్వోకి తండ్రంటే ఎందుకు సిగ్గో, అన్నీ వచ్చేశాయి. ‘ఇగ్బోల ఆచారాలు’ అని ఒక్క శీర్షిక కూడా పెట్టకుండా.

యామ్ అంటే కందా? చిలగడదుంపా?

నవల నిండా కనిపించే ఈ యామ్ దుంప రెండూ కాదు. దగ్గరి చుట్టం పెండలం. తీగ జాతి, నేలలో పొడుగ్గా ఊరే దుంప. వాళ్ళది అదే కుటుంబంలో వేరే రకం. వాళ్ళ ఊళ్ళో పెండలం మగవాడి పంట, పంటల్లో రాజు. చేమ, చిక్కుళ్ళు, కర్రపెండలం ఆడవాళ్ళ పంటలు. ఒకోంక్వో చేతిలో ఏమీ లేని కుర్రాడిగా న్వాకిబియె అనే ఆసామి దగ్గరికి విత్తనం అడగడానికి వెళ్తాడు. నాలుగు వందల దుంపలు ఇస్తే చాలనుకుంటే అతను ఎనిమిది వందలు ఇస్తాడు. ఆ ఏడాదే వాన ఎగ్గొట్టి, తర్వాత కుంభవృష్టి. పొలాన్ని నమ్ముకున్న ఇంట్లో పుట్టినవాళ్ళకి ఆ రెండు పేజీలు చదవడం కష్టం. పంట పోయి ఒకతను ఉరేసుకున్నాడని అచెబె ఒక్క వాక్యంలో చెప్పి వదిలేస్తాడు.

దంచిన దుంపల ముద్దని ఫూఫూ అంటారు. ఒక పండగకి ఓ కలవారి ఇంట్లో ఫూఫూ కొండంత పోశారట. ఇటుపక్క కూర్చున్నవాళ్ళకి అటుపక్కవాళ్ళు కనబడలేదు, సాయంత్రానికి కొండ తరిగాక చూస్తే ఎదురుగా తన బావమరిది, అప్పుడు పలకరించుకున్నారట. ఇలాంటి కోతలు కోసేవాడు మన ప్రతి పెళ్ళి పందిట్లోనూ ఒకడుంటాడు.

కల్లు తాగడం తప్ప వాళ్ళకి పనేం లేదా?

కోపంగా అడిగారు ఒకరు. తాగేది ఎవరు, ఏ వరసలో అన్నది చూడండి. న్వాకిబియె ఇంట్లో ఒకోంక్వో తెచ్చిన కల్లు కుండ దగ్గర పెద్దభార్య అనాసి వచ్చేదాకా మిగతా భార్యలు ముట్టరు. ఆమె కాలికి మొగుడి బిరుదుల కడియం ఉంటుంది. మోకాలు వంచి తాగి తన గుడిసెకి వెళ్ళాకే మిగతావాళ్ళ వంతు. కుండ అడుగు మడ్డి కొత్తగా పెళ్ళయిన కుర్రాడికి పోస్తారు, ఎందుకో చెప్పక్కర్లేదు. అందరూ ముసిముసిగా నవ్వుతారు. కల్లు అక్కడ పత్రం లాంటిది. ఎవరు పెద్ద, ఎవరు చిన్న, ఎవరికి ఏం బాకీ అన్నది దాని మీద రాసి ఉంటుంది.

కల్లుగీత పని తెలిసినవాళ్ళకి ఇంకో ముచ్చట. ఒజో బిరుదు తీసుకున్నవాడు పొడుగు చెట్టెక్కి కల్లు గియ్యకూడదు, నేల మీద నిలబడి అందే పొట్టి చెట్టునైతే గియ్యొచ్చు. ఒకోంక్వో స్నేహితుడు ఒబియెరికా ఈ రూలు మీద విసుక్కుంటాడు. ఇది గుర్తుపెట్టుకోండి, ఆచారాన్ని పాటిస్తూనే దానికి అర్థముందా అని అడిగే మనిషి అతనొక్కడే.

చీపురుపుల్లల బేరం ఏమిటి?

ఓలి నిర్ణయించడం. మన దగ్గర కూడా చాలా కులాల్లో ఓలి ఉండేది, పిల్ల తరపువాళ్ళకి ఇచ్చే సొమ్ము. ఒబియెరికా కూతురు అకుయెకెని చూసుకోడానికి పెళ్ళివారు వస్తారు. కల్లు తాగుతూ లోకం కబుర్లు చెప్పుకుంటూ ఉండగా ఒబియెరికా ఒక పుల్లల కట్ట అందిస్తాడు. ముప్పై పుల్లలు. పెళ్ళివారు బయటికెళ్ళి మాట్లాడుకుని వచ్చి కట్ట తిరిగి ఇస్తారు. లెక్కపెడితే పదిహేను. పిల్లవైపు ఇంకో పది కలిపి ఇస్తారు. అలా ఇటూ అటూ తిరిగి ఇరవై సంచుల గవ్వల దగ్గర తెగుతుంది. ఎవరి నోటా అంకె రాదు, ఎవరి మొహమూ మాడదు.

అసలు తమాషా ఆ తర్వాత. బేరం అయ్యాక వాళ్ళు పొరుగూళ్ళని వెక్కిరిస్తారు. ఆ ఊళ్ళలో ఓలికి పుల్లలుండవట, సంతలో మేకని కొన్నట్టు నోటితో బేరమాడతారట! ఇంకో ఊళ్ళో బేరమే లేదు, చాలనేదాకా సంచులు మోస్తూనే ఉండాలట. ఒకచోట మంచి ఇంకోచోట చెడ్డ అని ఒక పెద్దాయన అంటాడు. అలా వింతలు చెప్పుకుంటూ, సుద్దముక్కలా తెల్లగా ఉండే మనుషులున్నారట, వాళ్ళకి కాలివేళ్ళుండవట అన్న దాకా వెళ్తారు. తెల్లవాడెందుకు, మన వీధిలో రోజూ తిరుగుతాడుగా అని ఒకాయన అంటాడు. ఆయన ఉద్దేశం ఊళ్ళోని కుష్ఠురోగి. ఆ రోగాన్ని మర్యాదగా ‘తెల్ల చర్మం’ అంటారు, మనవాళ్ళు ‘పెద్దరోగం’ అన్నట్టు. అందరూ పగలబడి నవ్వుతారు.

ఎనిమిదో అధ్యాయం ఇది. ఇంకో ఏడు అధ్యాయాల తర్వాత ఎవరూ నవ్వరు. ఆ జోకు దగ్గర మనం వాళ్ళతో కలిసి నవ్వామా లేదా అన్నదే నవలకి కావాలి. నవ్వితే మనం పెళ్ళివారి పక్కన కూర్చున్నట్టే లెక్క.

ముసుగు దేవతలు ఊళ్ళో మనుషులేనని అందరికీ తెలియదా?

తెలుసు. ఎగ్వుగ్వు అంటే చనిపోయిన పెద్దల ఆత్మలు, ముసుగులేసుకుని భూమిలోంచి వస్తారు. తొమ్మిది పల్లెలకి తొమ్మిది మంది. పంచాయితీ తీర్చేది వాళ్ళే. ఆ రోజు ఆడవాళ్ళు దూరంగా నిలబడి చూస్తుంటారు. రెండో ఎగ్వుగ్వు నడకలో ఒకోంక్వో నడక తీరు ఉందని అతని భార్యలు గమనించి ఉండొచ్చు, పెద్దల వరసలో అతని చోటు ఖాళీగా ఉండటమూ చూసి ఉండొచ్చు, చూసినా మనసులోనే ఉంచుకున్నారు అంటాడు రచయిత.

బోనాల్లో రంగం చెప్పే ఆవిడ ఇల్లెక్కడో, పేరేమిటో అందరికీ తెలుసు. పచ్చికుండ మీద నిలబడ్డ ఆ కాసేపు మాత్రం అమ్మవారే మాట్లాడుతోంది. ఇద్దరు పిల్లల విధవ చియెలో కూడా అంతే. సంతలో ఎక్వెఫి పక్కనే ఒకే పాకలో సరుకు అమ్ముకుంటుంది. రాత్రి అగ్బాలా దేవత పూనినప్పుడు ఆ ఎక్వెఫి కూతుర్నే వీపు మీద ఎక్కించుకుని తొమ్మిది ఊళ్ళూ తిరుగుతుంది, అప్పుడామెకి స్నేహితురాలు లేదు.

పంచాయితీ కథ కూడా వినండి. పెళ్ళాన్ని రోజూ కొట్టేవాడొకడు, ఆమెని తీసుకెళ్ళిపోయిన అన్నదమ్ముల మీద ఫిర్యాదు చేస్తాడు. కల్లు కుండ పట్టుకెళ్ళి ఆమెని బతిమాలుకోమని, ఆడదాని మీద చెయ్యెత్తడం మగతనం కాదని తీర్పు. ఇంత చిన్న గొడవ దేవతల దాకా ఎందుకు రావాలని ఒకతను విసుక్కుంటే, వాడు ఇంకెవరి మాటా వినే రకం కాదుగా అంటాడు ఇంకొకడు. చెప్పిందెవరో పైకి అనేస్తే మాట చెల్లదు కాబట్టే ముసుగు.

ఒగ్బాంజె అంటే?

చచ్చిపోయి మళ్ళీ అదే తల్లి కడుపున పుట్టి, మళ్ళీ చచ్చి ఏడిపించే బిడ్డ. ఎక్వెఫికి పదిమంది పుట్టి తొమ్మిదిమంది పోయారు. పిల్లలకి ఆమె పెట్టిన పేర్లు చదివితే కడుపులో దేవినట్టవుతుంది. ఒకరికి ‘మృత్యువా, నిన్ను వేడుకుంటున్నా’, తర్వాతి బిడ్డకి ‘మళ్ళీ ఇలా జరగకుండుగాక’, ఆ తర్వాత ఇంకొకడికి ‘చావు తనిష్టమొచ్చినట్టు చేసుకోనీ’. మూడు పేర్లలో ఒక తల్లి బతిమాలి, దణ్ణంపెట్టి, చివరికి విసిగిపోవడం ఉంది. పుట్టినవాళ్ళు పుట్టినట్టే పోతుంటే పెంటకుప్ప మీద దొర్లించి పెంటయ్య అని, ఎంగిలాకుల మీద పడుకోబెట్టి పుల్లయ్య అని పేరు పెట్టిన ఊళ్ళు మనవి. మన తాతముత్తాతల్లో ఒక్క పెంటయ్య అయినా ఉండని కుటుంబం తక్కువ. తేడా అల్లా, మనవాళ్ళు యముడి కళ్ళు కప్పాలని చూశారు, ఎక్వెఫి ఎదురుగా నిలబడి మాట్లాడింది.

పదో బిడ్డ ఎజిన్మా బతుకుతుంది. ఒక రాత్రి పిల్లకి జ్వరం వస్తే ఒకోంక్వో, ఎప్పుడూ ప్రేమ బయటపెట్టని ఆ మనిషి, అడవికి పరిగెత్తి ఆకులూ బెరళ్ళూ తెచ్చి కాస్తాడు. కుండ ముందు పీట మీద కూర్చోబెట్టి పైన మందపాటి చాప కప్పుతాడు. పిల్ల ఉక్కిరిబిక్కిరై గింజుకుంటుంది, లేవనివ్వరు. జలుబు చేసినప్పుడు దుప్పటి కింద ఆవిరి పట్టించుకున్న ప్రతివాడికీ ఆ చాప కింద చీకటి తెలుసు.

కవలల్ని అడవిలో పారేసేవాళ్ళని కూడా మనం ప్రేమించాలా?

అచెబె ఆ మాట అనలేదు. కవలల్ని కుండల్లో పెట్టి అడవిలో వదిలేయడం, కొడుకులా మూడేళ్ళు పెరిగిన ఇకెమెఫునాని సోదె చెప్పిందని నరకడం, ‘ఒసు’ అనే అంటరాని వర్గం, ఏదీ దాచలేదు. ఒసులు దేవుడికి అంకితమైనవాళ్ళు, జుట్టు కత్తిరించకూడదు, సభకి రాకూడదు, మిగతావాళ్ళతో పెళ్ళి కుదరదు. చర్చిలోకి మొదట వెళ్ళేది ఎవరో చూడండి: ఒసులు, నాలుగు కాన్పుల్లోనూ కవలల్ని పోగొట్టుకున్న ఒక గర్భిణి, ఇకెమెఫునా చావు మరిచిపోలేని ఒకోంక్వో కొడుకు న్వోయె. వ్యవస్థ ఎవరిని గాయపరిచిందో అక్కడే గోడ పగిలింది. మాలపల్లెల్లోకి మిషనరీలు ఎందుకు రాగలిగారో తెలిసిన తెలుగు పాఠకుడికి ఇది ఇంకాస్త గట్టిగా తగులుతుంది. ఒసు పద్ధతిని 1956లోనే తూర్పు నైజీరియా శాసనసభ చట్టంతో రద్దు చేసింది. పెళ్ళి సంబంధాల దగ్గర అది ఇప్పటికీ బయటికొస్తూనే ఉంటుంది. ఇదీ మనకి కొత్త కాదు.

ఆడవాళ్ళని తక్కువ చేశాడా?

కొంత నిజం. ఒకోంక్వో చూపులోంచి ఊరుని చూస్తాం కాబట్టి ఆడవాళ్ళు వంటింటి దగ్గరా, కుస్తీ పోటీల అంచునా కనిపిస్తారు. అయితే నవల ఒకోంక్వో పక్షం కాదు. ఎవరి మీదా చెయ్యెత్తకూడని శాంతి వారంలో, జడ వేయించుకోడానికి వెళ్ళి వంట టైముకి రాలేదని చిన్నభార్యని కొడితే, భూదేవి పూజారి వచ్చి జరిమానా వేస్తాడు. ప్రవాసంలో దిగులుపడి కూర్చుంటే మేనమామ ఉచెందు నిలదీస్తాడు: అమ్మే గొప్ప అని ఆడపిల్లలకి పేరెందుకు పెడతాం? తండ్రి కొట్టిన పిల్లాడు ఎవరి గుడిసెకి పరిగెడతాడు? ఒకోంక్వోకి జవాబు తెలియదు.

అయినా లోటు లోటే. ఇగ్బో ఆడవాళ్ళకి సొంత సభలు, సంతల మీద పట్టు, మాట వినని మగాడి ఇంటి ముందు పాటలు పాడి పరువు తీసే పద్ధతి ఉండేవి. 1929లో పన్ను వేయబోతున్నారని తెలిసి వేలమంది ఆడవాళ్ళు వలస ప్రభుత్వం మీద తిరగబడ్డారు, కాల్పుల్లో 50 మందికి పైగా చనిపోయారు. ఆ బలం ఈ నవలలో లేదు. దానికోసం ఫ్లోరా న్వాపా 1966లో రాసిన ‘ఎఫురు’ చదవాలి.

ఇగ్బోల కథ ఇంగ్లీషులో ఎందుకు?

ఆయన ఇంగ్లీషుని ఇగ్బో నడకలో నడిపించాడు. నిజానికి రాతలో ఉన్న ఇగ్బో మీద ఆయనకి కోపం. 1913లో బైబిల్ కోసం మిషనరీలు రకరకాల మాండలికాలు కలిపి ఒక ఉమ్మడి ఇగ్బో తయారుచేశారు. ఎవరి నోటా పలకని భాష అని ఆయన జీవితాంతం దెప్పాడు. గిడుగువారు వింటే భుజం తట్టేవారు. నవలలో కూడా చిన్న చురక ఉంది. తెల్ల పాదిరీ మాట అనువదించే ఇగ్బోవాడి యాసలో ‘నేను’ అనే మాట ఈ ఊరివాళ్ళకి ‘నా పిర్రలు’ అని వినిపిస్తుంది. దైవవాక్యం మొదలవకముందే జనం నవ్వుతారు.

కిరస్తానీ ఇంట్లో పుట్టినాయనకి ఇవన్నీ ఎలా తెలుసు?

తండ్రి చర్చి బడిలో బోధకుడు. కానీ చిన్నప్పుడు ఆయనా చెల్లెలూ పక్కిళ్ళలో ‘అన్యమతస్తుల’ పండగ భోజనాలు తినొచ్చేవాళ్ళు. ఆ అన్నంలో విగ్రహారాధన రుచి ఏమీ తగల్లేదని తర్వాత రాసుకున్నాడు. పండగని లోపలివాడిగా కాదు, కంచె మీంచి ఆశగా చూసే పిల్లాడిగా చూశాడు. నవలలో తిండీ డప్పులూ అంత కళ్ళకి కట్టినట్టు ఉండటానికి అదొక కారణమని నా నమ్మకం.

రాతప్రతి పోయిందట, నిజమేనా?

పోయినంత పనైంది. ఉన్న ఒకే ఒక్క చేతిరాత ప్రతిని టైపు చేయించడానికి లండన్ పంపాడు, దానికి డబ్బూ కట్టాడు. నెలలు గడిచినా ఉలుకూ పలుకూ లేదు. ఆయన పనిచేసే రేడియోలో పై అధికారి ఏంజెలా బియాటీ సెలవుల మీద లండన్ వెళ్ళినప్పుడు స్వయంగా వెళ్ళి గట్టిగా అడిగితే, మూలన దుమ్ము పట్టి ఉన్నది కదిలింది.

చివరి పేజీ చదివాక ఎందుకంత మంట?

ఒకోంక్వో కోర్టు జవానుని నరికేస్తాడు. ఊరు తన వెనక లేవదని అర్థమై ఉరేసుకుంటాడు. ఆత్మహత్య భూమికి అపచారం, సొంతవాళ్ళు శవాన్ని ముట్టకూడదు. ఆ ఆచారం మనకి మొదటి భాగంలోనే పరిచయం. రోగంతో ఒళ్ళంతా వాచిన ఉనోకాని భూమిలో పాతకుండా అడవిలో వదిలేశారు, వేణువు పట్టుకుని వెళ్ళాడు. ఎవరిలా కాకూడదని బతికాడో ఆ తండ్రికి దక్కని మట్టే కొడుక్కీ దక్కలేదు. దీన్ని ఎవరూ మనకి చెప్పరు, అప్పటికి ఆ ఊరివాళ్ళం కాబట్టి మనకే తడుతుంది.

చెట్టు కింద నిలబడి ఒబియెరికా, శవాన్ని దింపడానికి మీ మనుషుల్ని పంపమని తెల్ల కమిషనర్‌ని అడగాల్సి వస్తుంది. ఊళ్ళో గొప్పవాళ్ళలో ఒకణ్ణి మీరే చావుదాకా తెచ్చారని అంటూ మాట పెగలక ఆగిపోతాడు. ఒక జవాను అవసరం లేకుండా "నోరుమూయ్" అంటాడు. కమిషనర్ మాత్రం నడుస్తూ తను రాయబోయే పుస్తకం గురించి ఆలోచిస్తాడు. ఈ మనిషి మీద ఒక అధ్యాయం రాయొచ్చు. అధ్యాయం ఎందుకులే, ఒక పేరా సరిపోతుంది. పుస్తకం పేరు కూడా అనేసుకున్నాడు: ‘దిగువ నైజర్ ఆటవిక తెగలను శాంతింపజేయుట’.